మార్కులు పెన్సిల్‌తో వేస్తున్నా

పోయిన ఏడాది నేను చేసిన ఒక పొరపాటుతో మొదలుపెడతా, లేకపోతే కింద రాసేదంతా నేనేదో పెద్ద టీచర్‌ని అన్నట్టు గొప్పలకి పోయినట్టు ఉంటుంది. తొమ్మిదో తరగతికి బ్రాకెట్లున్న సమీకరణాల మీద స్లిప్ టెస్ట్ పెట్టా. అందులో ఒక లెక్క 5 − 2(ఎక్స్ − 4) = 3. జవాబు 5. సగం మందికి పైగా 5 అనే రాశారు. బ్రాకెట్ ముందు మైనస్ ఉన్న లెక్క అంతమందికి రావడం నా సర్వీసులో అదే మొదటిసారి, ఆ సంతోషంలో స్టాఫ్ రూంలో కూడా చెప్పుకున్నా.

రెండ్రోజుల తర్వాత ఒక అమ్మాయిని బోర్డు దగ్గరికి పిలిచి అదే లెక్క చెయ్యమన్నా. చాక్‌పీస్ తీసుకుని చకచకా రాసింది. 5 లోంచి 2 పోతే 3, అంటే 3(ఎక్స్ − 4) = 3, అంటే ఎక్స్ − 4 = 1, అంటే ఎక్స్ = 5. చూశారుగా. లెక్క మొత్తం తప్పు, జవాబు మాత్రం కరెక్టు. గుణకారం ముందు చెయ్యాలనే సంగతే లేదు అక్కడ, ఎడమ నుంచి కుడికి బస్సులో పోయినట్టు పోయింది. నేను ఏరుకున్న అంకెలే నా కొంప ముంచాయి. ఇంటికెళ్ళి పేపర్లు మళ్ళీ తీసి చూస్తే 5 రాసినవాళ్ళలో చాలామందిది ఇదే పద్ధతి, కొందరైతే స్టెప్పులే లేవు, పక్కవాడి పేపర్లోంచి దిగిన 5 అది.

ఆ రోజు నుంచి నేను క్విజ్ తయారుచేసే పద్ధతే మారిపోయింది. అదే లెక్కలో కుడివైపు 3 తీసేసి −3 పెట్టి చూడండి. సరిగ్గా చేసినవాడికి 8 వస్తుంది. 5 లోంచి 2 ముందే తీసేసినవాడికి 3 వస్తుంది. రెండుని ఎక్స్‌తో గుణించి 4ని వదిలేసినవాడికి 2 వస్తుంది. రెంటినీ గుణించి గుర్తు మాత్రం మార్చనివాడికి 0 వస్తుంది. అంటే స్టెప్పులు చూడకుండా చివరి జవాబు చూసినా సరే పిల్లాడు ఎక్కడ జారాడో తెలిసిపోతుంది. 38 పేపర్లు దిద్దేవాళ్ళకి ఇది ఎంత సుఖమో వేరే చెప్పక్కర్లేదు. ఇలాంటి అంకెలు దొరకడానికి ఒక్కో లెక్కకి పావుగంట పడుతుంది, చిత్తు కాగితం మీద నేనే పిల్లల్లాగా తప్పులు చేసుకుంటూ పోవాలి, అన్ని తప్పులకీ వేరువేరు జవాబులు వస్తే ఆ లెక్క ఖాయం, ఏ రెండు కలిసినా కొట్టేసి మళ్ళీ మొదలు. మా ఆయన ఒకసారి నా భుజం మీదుగా చూసి, నువ్వు మ్యాథ్స్ టీచరేనా, అన్నీ తప్పులే చేస్తున్నావ్ అన్నాడు.

మాది పల్లెటూరి జిల్లా పరిషత్ హైస్కూల్, ఊరి పేరు వద్దులెండి. పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. కొందరు చిన్నప్పటి నుంచి తెలుగు మీడియం, కొందరు ఫీజులు కట్టలేక ప్రైవేటు నుంచి వచ్చినవాళ్ళు. ఒకడికి గుణకం అంటే తెలుసు, కోఎఫిషియెంట్ అంటే తెలీదు, ఇంకొకడికి ఉల్టా, మూడోవాడికి రెండూ తెలీవు గానీ ఎక్స్ ముందున్న అంకె అంటే టక్కున చూపిస్తాడు. నేను మూడోవాడి భాషే ఎక్కువ వాడతా. పరీక్షల్లో మాత్రం పుస్తకం మాటే వస్తుంది కాబట్టి క్విజ్‌లో రెండు మాటలూ పక్కపక్కన రాస్తా, అంతే.

తొమ్మిదికి వచ్చారంటే ఏడో తరగతి సామాన్య సమీకరణాలు, ఎనిమిదిలో ఏకచరరాశి రేఖీయ సమీకరణాలు అయిపోయి వచ్చినట్టు లెక్క. కాగితం మీద. అసలు సంగతి ఏంటంటే, వీళ్ళు ఆగిపోయేది బీజగణితం దగ్గర కాదు, దాని కింద మెట్టు దగ్గర. ఇది మా ఊరి పిల్లల గోడు ఒక్కటే కూడా కాదు. గ్రామాల్లో 14 నుంచి 18 ఏళ్ళ వాళ్ళ మీద 2023లో ప్రథమ్ సంస్థ వాళ్ళు అసర్ అనే చదువుల సర్వే చేశారు కదా, అందులో మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించడం వచ్చినవాళ్ళు సగం మంది కూడా లేరు, 43 శాతం చిల్లర. భాగారం రాని పిల్లాడికి బహుపదుల భాగారం చెప్పమంటే నేనైనా ఏం చెప్పను.

ఇక్కడ మా తెలుగు సార్ ఒక మాట అంటుంటారు, తొమ్మిదో తరగతికి వచ్చి ఐదో తరగతి లెక్కలేంటి మేడం, సిలబస్ ఎప్పుడవ్వాలి అని. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. జూన్‌లో నెల రోజులు రివిజన్ పేరుతో ఎక్కాలు, భిన్నాలు, పూర్ణసంఖ్యలు వరసగా చెప్పుకుంటూ పోయిన సంవత్సరం నాకూ ఉంది, జూలై చివరికి సిలబస్ వెనకబడింది, చెప్పిన బేసిక్స్ ఆగస్టుకి ఆవిరి. అందుకే ఇప్పుడు విడిగా రివిజన్ నెల అనేది పెట్టను. ఏ పాఠం మొదలుపెడుతున్నానో దానికి కింద ఏ మెట్టు కావాలో అదొక్కటే, 45 నిమిషాల పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు. బ్రాకెట్ల పాఠం ముందు రుణ సంఖ్యల గుణకారం. భిన్న గుణకాలు వచ్చే ముందు క.సా.గు. అవసరం పడిన రోజే చెప్తే అది ఎందుకు నేర్చుకుంటున్నాడో వాడికి ఆ పీరియడ్‌లోనే కనిపిస్తుంది.

రుణ సంఖ్యలు చెప్పేటప్పుడు ఒకటి గమనించా. −3 − 5 ఎంతరా అంటే క్లాసంతా ఒకే గొంతుతో 8 అంటుంది. ఎందుకురా అంటే మైనస్ మైనస్ ప్లస్ మేడం. ఆరో తరగతిలో ఎవరో పాటలాగా నేర్పిన ముక్క అది, గుణకారానికి చెప్పింది కూడికలోకీ పాకింది. నంబర్ లైన్ గీస్తే కాసేపు అర్థమైనట్టు మొహం పెడతారు, తర్వాత మళ్ళీ 8. చివరికి పని చేసింది ఉద్దెర ఖాతా. నిన్న కొట్లో 3 రూపాయల ఉద్దెర తెచ్చినవ్, ఇయాల ఇంకో 5 రూపాయలది తెచ్చినవ్, నీ దగ్గర 8 రూపాయలు ఉన్నట్టా, 8 బాకీ ఉన్నట్టా? క్లాసు గొల్లుమంది. బాకీ మేడం! అసలు రుణ సంఖ్య అనే మాటలోనే అప్పు ఉంది కదా, మనం ఆ మాటని పలుకుతూనే అర్థం మర్చిపోయాం. 628లోనే బ్రహ్మగుప్తుడు ధనం, రుణం అని పేర్లు పెట్టి, రెండు రుణాలు కలిపితే రుణమే, రెండు రుణాలు గుణిస్తే ధనం అని నియమాలు రాసి పెట్టాడు. ఇది చెప్తే వెనక బెంచీ నుంచి, అప్పటి నుంచే ఉద్దెరలున్నయా మేడం అని ఒకడు. ఉన్నయిరా. గుణకారం మాత్రం ఉద్దెరతో చెప్పడం కొంచెం తిప్పలే, కొట్టాయన నీ 2 రూపాయల బాకీలు మూడు కొట్టేసిండు, నువ్వు ఎంత లాభపడ్డవ్ అని అడుగుతా, 6 అంటారు, మైనస్ మూడుసార్లు మైనస్ 2 అంటే అదే అని చెప్తా, కొంతమందికి దిగుతుంది, కొంతమందికి కొట్టాయన బాకీలు ఎందుకు కొట్టేస్తాడు అనే డౌటే మిగిలిపోతుంది. న్యాయమైన డౌటే.

రెండో మెట్టు సమానం గుర్తు. దీని గురించి మనం అసలు పట్టించుకోం. ఈ జూన్‌లో మొదటి రోజు బోర్డు మీద 9 + 6 = ☐ + 5 అని రాసి డబ్బాలో ఏం రావాలి అని అడిగా. ఎక్కువమంది 15. ఇద్దరు ముగ్గురు 20. అంటే వాళ్ళ దృష్టిలో ఆ రెండు గీతలకి అర్థం ఇప్పుడు జవాబు రాయి అని, క్యాలిక్యులేటర్ బటన్ లాగా. ఆ అర్థంతోనే తొమ్మిదో తరగతి దాకా వచ్చేశారు. అందుకే 3ఎక్స్ + 6 = 21 అనే లెక్కని 3ఎక్స్ + 6 = 21 = 15 = 5 అని రైలు డబ్బాల్లా రాస్తారు. 21, 15, 5 మూడూ సమానమేంట్రా అంటే, అవి స్టెప్పులు మేడం! ఈ గుర్తుని మొదట వాడింది 1557లో రాబర్ట్ రికార్డ్ అనే ఆయన, వేల్స్ దేశస్థుడు, సమానం సమానం అని మాటల్లో పదేపదే రాయలేక విసుగొచ్చి, రెండు సమాంతర రేఖల కన్నా సమానమైనవి ఇంకేముంటాయని ఆ గీతలు పెట్టాడు. ఆయన విసుగు పిల్లలకి బాగా నచ్చింది.

మా క్లాసులో ఒకడి నాన్న సంతల్లో కూరగాయలు అమ్ముతాడు. వాడి ఇంట్లో పాత తక్కెడ ఉంటే తెప్పించా. రెండు పళ్ళేల్లో రాళ్ళు పెట్టి, ఒక సంచిలో ఎన్ని గోళీలున్నాయో చెప్పకుండా కట్టి ఎక్స్ అన్నా. ఇటు నుంచి తీస్తే అటు నుంచీ తియ్యాలి, లేకపోతే ముల్లు ఒరుగుతుంది. ఒక నెల పాటు క్లాసులో పక్షాంతరం అనే మాట బంద్ చేశా. అటు పోతే గుర్తు మారుతది అనే మంత్రం వల్ల ఎంత నష్టమో చెప్పలేను, 3ఎక్స్ = 12 ఇస్తే ఎక్స్ = 12 − 3 అని 9 రాసేవాళ్ళు ఒక గుంపు, మూడు అటు పోయింది కాబట్టి గుర్తు మార్చి 12 కింద −3 వేసి −4 తెచ్చేవాళ్ళు ఇంకో గుంపు. వాళ్ళు మంత్రం సరిగ్గానే పాటించారు పాపం. ఇప్పుడు ప్రతి లైను పక్కన రెండువైపులా ఏం చేశావో రాయాలి, −6, −6, ÷3, ÷3 అని. నోట్సు నిండా అంకెలు, చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, కానీ పని చేస్తుంది. చేయి తిరిగాక ఎవరికి వాళ్ళే ఆ పక్క రాతలు మానేస్తారు, నేను చెప్పక్కర్లేదు.

ఇక క్విజ్ సంగతికొస్తే, మొదట్లో నేను చేసింది కేవలం ఈజీ చెయ్యడం. పిల్లలు ఫెయిలవుతున్నారు కదా అని చిన్నచిన్న లెక్కలిచ్చా, అందరికీ పదికి ఎనిమిది తొమ్మిది, అందరూ ఖుషీ, నేనూ ఖుషీ. ఎఫ్ఏ, అంటే ఏడాది మధ్యలో జరిగే ఫార్మేటివ్ అసెస్‌మెంట్ పరీక్ష, దాని పేపర్ వచ్చింది, అది నా చేతిలో ఉండదు, అంతే, మళ్ళీ మొదటికి. లెక్క స్థాయి తగ్గించడం ఒకటి, లెక్కకి పట్టుకోవడానికి పిడి ఇవ్వడం ఇంకొకటి అని నాకు అప్పటికి తెలీలేదు.

ఇప్పుడు ప్రతి శుక్రవారం ఐదే ఐదు లెక్కలు. జెరాక్స్‌కి ఎవరి జేబు అన్న గొడవ ఎందుకని బోర్డు మీదే రాస్తా, ఎడమ సగం ఒక సెట్, కుడి సగం ఒక సెట్, పక్కపక్కన కూర్చున్నవాళ్ళకి వేరువేరు. మొదటి లెక్క పాత పాఠంలోంచి, అది అందరికీ వచ్చేది, చేతికి వణుకు తగ్గడానికి. రెండోది పూర్తిగా చేసి ఉంటుంది, చివరి లైను మాత్రం ఖాళీ. మూడోది సగం చేసి ఉంటుంది. నాలుగోది మొత్తం వాళ్ళే చెయ్యాలి, ఎఫ్ఏలో వచ్చే స్థాయిలోనే ఉంటుంది, దాన్ని తగ్గించను. ఐదోది తప్పుగా చేసిన లెక్క, ఎక్కడ తప్పో గీత గీసి చెప్పాలి. పిల్లలకి అన్నిటికన్నా ఇష్టం ఈ ఐదోదే, వేరేవాడి తప్పు పట్టడంలో ఉన్న ఆనందం మనందరికీ తెలిసిందే. ఆ తప్పు పోయిన వారం వాళ్ళ పేపర్లలోంచి తీసిందే అని మాత్రం చెప్పను. ఒకసారి ఒకడు తన తప్పునే పట్టుకుని, ఎవడు మేడం ఈ తెలివితక్కువోడు అన్నాడు. నేను కిటికీ వైపు చూశా.

వారాలు గడిచేకొద్దీ రెండోదాంట్లో, మూడోదాంట్లో నేను చేసి పెట్టే లైన్లు ఒక్కొక్కటే తగ్గిస్తా. ఒకేసారి తీసేస్తే మళ్ళీ ఖాళీ పేపర్లే. ఈ తగ్గించడం ఎంత వేగంగా అనేది నాకు ఇప్పటికీ సరిగ్గా కుదర్లేదు, దసరా సెలవుల తర్వాత రెండు లైన్లు ఎక్కువే వెనక్కి పెట్టాల్సి వచ్చింది.

ఎక్కాల చార్ట్ బెంచీ మీద పెట్టుకుని టెస్ట్ రాయొచ్చు అంటే మా స్కూల్లో చిన్న యుద్ధమే అయింది. ఇక ఎక్కాలెందుకు నేర్చుకుంటారు అని. నేననేది ఏంటంటే, శుక్రవారం నేను చూడాలనుకునేది సమీకరణం వచ్చా లేదా అని, 7 ఎనిమిదులు గుర్తులేక అక్కడే ఆగిపోయినవాడి పేపర్ చూస్తే నాకు సమీకరణం గురించి ఏమీ తెలీదు. ఎక్కాలు శనివారం విడిగా నోటితో అడుగుతా, అక్కడ చార్ట్ లేదు. టైం కూడా అంతే, గడియారం పెట్టి క్విజ్ పెట్టే సరదా నాకు లేదు. ఐదు లెక్కలకి ఇరవై నిమిషాలు, ఇంకో ఐదు నిమిషాలు కావాలన్నవాడికి ఇస్తా.

మరి బాగా వచ్చే పిల్లల సంగతి? ఒక అమ్మాయి మొహం మీదే అడిగేసింది, మేడం మీరు వాళ్ళ కోసమే టెస్ట్ పెడుతున్నరు, మాకు బోర్ అని. నిజమే. వాళ్ళ కోసం ఆరో ప్రశ్న పెట్టా: జవాబు 7 వచ్చేలా ఒక సమీకరణం నువ్వే తయారు చెయ్యి. మొదటి వారం ఆ అమ్మాయి రాసింది, ఎక్స్ = 7. తప్పని ఎలా అంటాం? రెండు ప్రక్రియలైనా ఉండాలి అని రూల్ పెట్టా. రెండో వారం, ఎక్స్ + 0 × 1000 = 7. అప్పుడు బ్రాకెట్, మైనస్, రెండు వైపులా ఎక్స్ తప్పనిసరి అన్నా, అప్పుడు దారికొచ్చింది. ఇప్పుడు ఆమె తయారుచేసిన లెక్కలు కొన్ని నేను పక్క సెక్షన్‌కి వాడుకుంటున్నా.

పెన్సిల్ సంగతి చెప్పలేదు. రిజిస్టర్‌లో స్లిప్ టెస్ట్ మార్కులు పెన్సిల్‌తో వేస్తా. శుక్రవారం పోయిన లెక్కని సోమవారం స్టడీ అవర్‌లో అంకెలు మార్చి మళ్ళీ రాయొచ్చు, అదొక్కటే, పేపర్ మొత్తం కాదు. కానీ ఒక షరతు, పాత పేపర్‌లో ఏ లైన్‌లో తప్పిందో గుర్తు పెట్టి తెస్తేనే కొత్త లెక్క ఇస్తా. వచ్చిందంటే పాత మార్కు చెరిపేసి కొత్తది. మొదట్లో సోమవారం నలుగురు వచ్చేవాళ్ళు, వాళ్ళూ బాగా చదివేవాళ్ళే, అర మార్కు కోసం. రావాల్సినవాళ్ళు గేటు దాటి పోయేవాళ్ళు. బస్సు పోతది మేడం అనేది సగం నిజం. తర్వాత దాన్ని సోమవారం పీరియడ్‌లోకే తెచ్చేశా, పది నిమిషాలు పోతే పోయాయి.

వెనక బెంచీలో ఒక పిల్లాడున్నాడు, జూన్ నుంచి ఆగస్టు దాకా వాడి పేపర్ మీద పేరు, రోల్ నంబర్, మార్జిన్ గీత తప్ప ఏమీ ఉండేది కాదు. మార్జిన్ మాత్రం చాలా బాగా గీస్తాడు. మొన్న శుక్రవారం నాలుగో లెక్క ఎక్స్/2 + ఎక్స్/3 = 10 ఇచ్చా. మిగతావాళ్ళలో చాలామంది పైవి పైవి, కిందివి కిందివి కలిపేసి 2ఎక్స్/5 = 10 అని 25 తెచ్చారు, అది నేను అనుకున్నదే, దానికోసమే ఆ లెక్క పెట్టా, సరైన జవాబు 12. వీడు మాత్రం లెక్క ఎక్కించుకుని, ఎక్స్/2 దగ్గర, ఎక్స్/3 దగ్గర కింద అంకెలకి సున్నాలు చుట్టి, పక్కన రాశాడు: కింద 2, 3 ఉన్నయి మేడం. ఒకటి కాదు. ఆగిన.

ఆ లెక్కకి సున్నా వేశా, పెన్సిల్‌తో. సోమవారం వాడికి కింద 2, 4 పెట్టి, కుడివైపు 6 పెట్టి ఇస్తా. సగం రొట్టె, పావు రొట్టె దగ్గర మొదలుపెడితే వచ్చేట్టే ఉంది.